చిలకపచ్చ కారు, నాలుగో సిలిండరు

కౌసల్యమ్మ ముప్పై ఏళ్లు బస్సుల కోసం నిలబడింది. యాభై రెండో ఏట నిలబడటం మానేసి కారు నేర్చుకుంది.

ఆమెది అచ్చు అతికే పని. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగులోని ఒక్కొక్క పట్టుపోగునూ పాత పోగు కొసకు చేర్చి, బూడిద అద్దిన వేళ్లతో మెలితిప్పి కలపాలి. ఐదు వేల చిల్లర పోగులు. ఒక్కటి అటుదిటు అయిందా, చీర పొడుగునా గీత పడి కూర్చుంటుంది. ధర్మవరంలో ఆ పనికి మనుషులు లేక కాదు గానీ, కౌసల్యమ్మ అతికిన చోటు కండ్లద్దాలు పెట్టుకుని వెతికినా దొరకదని పేరు. ఆ పేరు పట్టుకుని సోమందేపల్లి, పెనుకొండ, హిందూపురం పక్కన ముదిరెడ్డిపల్లి దాకా పిలుపులు వచ్చేవి. పిలుపులు వచ్చినంత జోరుగా బస్సులు రావు కదా. పొద్దున ఆరింటికి బయల్దేరినా మగ్గం మొహం చూసేసరికి ఎండ నడినెత్తికెక్కేది.

అందుకని మూడు చేతులు మారిన చిన్న కారొకటి కొనింది. చిలకపచ్చ రంగు. ఏడువందల తొంభై ఆరు సీసీ ఇంజిను. బురదలో దిగబడితే నలుగురు పట్టుకుని గట్టున పెట్టేంత బరువు. దానికి చిలక అని పేరు పెట్టింది. చిలక ఎక్కాక ఆమె పొద్దు ఆమె చేతికొచ్చింది. ఎవరి మగ్గం ఎప్పుడు ఆగినా, "వస్తాండా, టీ పెట్టండి" అని ఫోనులో చెప్పి బయల్దేరేది.

ఆ కారంటే గిట్టనివాడు ఒక్కడే, మొగుడు సుంకప్ప. చిన్నప్పటి నుంచి మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి. కింద భూమి కదలడం ఆయన ఒంటికి పడదు. పెండ్లానికి తోడుగా కారెక్కుతాడు, ఎక్కిన వెంటనే కండ్లు మూసుకుంటాడు, దిగే ఊరు వచ్చిందంటే తెరుస్తాడు. మూడేళ్లలో ధర్మవరానికీ హిందూపురానికీ నడుమ ఏముందో ఆయనకు తెలియదు.

ఆ చిలక పెనుకొండ ఎత్తులో ఒక మధ్యాహ్నం దగ్గి, పొగ కక్కి, ఊరకుండిపోయింది. ట్రాక్టరుకు కట్టి హిందూపురంలో మెకానిక్కు ఆదెప్ప షెడ్డుకు లాక్కుపోయారు. ఆదెప్ప బానెట్ ఎత్తి, లోపలికి టార్చి వేసి, పెద్దింట్లో చావు చూసినట్టు మొహం పెట్టాడు.

"అక్కా, ఇంజిను పట్టేసింది. ఇంగ ఇది లేసేది లేదు."

"వేరేది పెట్టప్పా. నెలాఖరుకు దీని ఆర్సీకి పదైదేండ్లు నిండుతాయి. ఆర్టీవో ఆఫీసులో చూపించి ఇంగో ఐదేండ్లకు రాయించుకోవాల. లేకపోతే నేను మల్ల బస్టాండులో కొయ్య మాదిరి నిలబడాల్సిందే."

"దీని ఇంజిను ఇప్పుడు యాడా దొరకదక్కా. నా దగ్గర ఒకటుండాది. యాక్సిడెంటు బండిది, పదమూడు వందల సీసీ." ఆదెప్ప గొంతు తగ్గించాడు. "అది పెడితే చిలక కాదు, గరుడపక్షి."

"పడతాదా దీంట్లో?"

"పట్టిస్తాం. కూరలో నూనె ఎక్కువైతే వద్దనే వాళ్లుండారా?"

సుంకప్ప మూలనున్న టైరు మీద కూర్చుని, "కడుపు నొప్పి వచ్చేవాళ్లుండారు" అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు.

నాలుగు రోజులకు ఇంజిను పట్టింది గానీ బానెట్ మూతపడలేదు. రెండు అంగుళాలు పైకి లేచి, నవ్వే నోరులాగా తెరుచుకునే ఉంది. కౌసల్యమ్మ సంచిలోంచి పట్టుపోగులు తీసి, పదహారు పేటలు కలిపి పేని, ఆ నోటిని కట్టేసింది. సుంకప్పను పక్కన కూర్చోబెట్టుకుని తాళం తిప్పింది.

అంతవరకూ చిలక గొంతు గొణుగుడు. ఇప్పుడు గర్జించింది. షెడ్డు పక్కన టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు కింద పెట్టారు.

హిందూపురం దాటేవరకు ఆమె ఒద్దికగానే నడిపింది. ఊరు దాటాక ఊరికే, ఎట్లుంటుందో చూద్దామని, కాలి బొటనవేలు కొంచెం ఒత్తింది. చింతచెట్లు వెనక్కి పరిగెత్తాయి. ఇంకొంచెం ఒత్తింది. మూడేళ్లుగా రోజూ తనను దాటిపోయి దుమ్ము కొట్టే బస్సు ముందు కనిపించింది, పక్కకొచ్చింది, అద్దంలోకి పోయింది. కండక్టరు కిటికీలోంచి తల బయట పెట్టి నోరు తెరిచాడు. ఆ తర్వాత బెంగుళూరు నంబరు బండొకటి. ఆ తర్వాత ఇంకొకటి. దాంట్లో నల్లద్దాల పిల్లోడు చిలకను కిందికీ పైకీ చూసి కారు పక్కకు తీసి దారిచ్చాడు.

కౌసల్యమ్మకు కడుపులోంచి నవ్వు పొంగింది. జారుడుబండ మీద పిల్లకాయకు వచ్చే నవ్వు. ఆపుదామంటే ఆగదు.

"ఏమైందే? ఏంటికి నవ్వుతాండావు?" సుంకప్ప కండ్లు తెరవలేదు. రెండు చేతులా సీటును పట్టుకున్నాడు.

"ఏం లేదయ్యా. బస్సును దాటినా."

"యాడైనా నిలబడిన బస్సా?"

"పరిగెత్తే బస్సు!"

"గోవిందా," అన్నాడు సుంకప్ప.

పెనుకొండ ఇంకా నాలుగు మైళ్లుందనగా దిగుడు వచ్చింది, దిగుడు చివర మలుపు. కౌసల్యమ్మ బ్రేకు తొక్కింది. పాత ఇంజినుతో పోయేటప్పుడు బ్రేకు మాటంటే చిలకకు వేదం. ఈ వేగానికి మాత్రం అది బతిమాలినట్టే ఉంది. చిలక విన్నది, ఆలోచించింది, ముందుకే పోయింది. మలుపులో రోడ్డు వదిలి, కంపచెట్ల సందులో దూరి, ఒక పట్టుపురుగుల షెడ్డు ముందర కోసి పోసిన మల్బరీ ఆకు కుప్పలోకి మెత్తగా, శబ్దం లేకుండా, తలగడలో తల పెట్టినట్టు దిగి ఆగింది.

సుంకప్ప కండ్లు తెరిచాడు. ఎటు చూసినా పచ్చగా ఉంది.

"ధర్మవరం వచ్చిందా?" అన్నాడు.

షెడ్డు రైతు పరుగెత్తుకొచ్చాడు. ఆయన ఆవులు రెండు అంతకంటే ముందే వచ్చి, అద్దం మీది ఆకును నాకడం మొదలుపెట్టాయి. "ఏమ్మా, ఏమన్నా తగిలిందా?" అని అడిగితే కౌసల్యమ్మ స్టీరింగు మీద తల ఆనించి నవ్వుతూనే ఉంది. "ఏం కాలేదన్నా. ఇంగోసారి పోవాలని ఉండాది."

ఆ రాత్రి నిద్రలో కూడా నవ్వింది. తెల్లారి లేచాక మాత్రం ఆఫీసు గుర్తొచ్చింది. ఆర్సీలో ఏడువందల తొంభై ఆరు. బానెట్ కింద పదమూడు వందలు.

ఆదెప్పకు ఫోను చేసింది. "ఒరే, పాతింజినుకు సిలిండర్లు ఎన్ని?"

"మూడు."

"దీనికి?"

"నాలుగు."

కౌసల్యమ్మ తన వేళ్ల వైపు చూసుకుంది. ముప్పై ఏళ్లుగా ఆ వేళ్లకు తెలిసిన ఉపాయం ఒకటుంది. కొత్త పడుగులో పోగులు పాతదానికంటే నాలుగెక్కువ వచ్చినాయనుకో, ఏ అతికే మనిషీ పడుగును వెనక్కి పంపదు. ఎక్కువైన పోగులను అంచు పక్కన ముడివేసి వేలాడదీస్తుంది. అవి చీరలోకి రావు, చీర లెక్క తప్పదు.

"అట్లయితే నాలుగోదాన్ని పక్కకు కట్టెయ్," అంది.

ఆదెప్ప, "అక్కా, నువ్వు మెకానిక్కుగా పుట్టాల్సిన దానివి" అన్నాడు. వాళ్లిద్దరికీ ఆ లెక్క అంత బాగా నచ్చింది.

సోమవారం పొద్దున ఆఫీసు మైదానానికి చిలక వచ్చిన తీరు హిందూపురంలో చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాలుగో సిలిండరు తీగ పీకేసరికి అది కుంటి గుర్రమైంది. దడ్, దడ్, దడ్, ఊఁ. దడ్, దడ్, దడ్, ఊఁ. ప్రతి ఊఁకూ లోపల కౌసల్యమ్మ, సుంకప్ప, వెనక ఆదెప్ప ముగ్గురూ ఒక్కసారే తలాడించారు. దూరం నుంచి చూస్తే ముగ్గురూ దేనికో ఒప్పుకుంటున్నట్టుంది.

బండ్లు చూసే ఇన్స్పెక్టరు అరుణ మేడమ్ అనే ఆమె. ముప్పై ఐదేళ్లుంటాయి. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని, చేతిలో కాగితాల అట్ట పట్టుకుని చిలక చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏమమ్మా, కారుకు చలిజ్వరమా?"

"పొద్దున పూట కొంచెం అట్లుంటాది మేడమ్," అన్నాడు ఆదెప్ప.

"ఈ బానెట్‌కు జడ ఎవరేశారు?"

"నేనే మేడమ్. పట్టు," అంది కౌసల్యమ్మ, తెలియకుండానే కాస్త గర్వంగా.

అరుణ పట్టుముడి విప్పింది. బానెట్ లేచింది. ఆమె వంగి చూసింది, ఇంకా వంగి చూసింది. ఇంజిను మీద ఉన్న నంబరును చీరకొంగుతో తుడిచి చదివింది. ఆర్సీ చూసింది. తర్వాత గాలిలో వేలాడుతున్న తీగను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

"ఇదేంటి?"

ఆదెప్ప గొంతు సవరించుకున్నాడు. అబద్ధం ఒకటి తయారు చేసుకునే వచ్చాడు, ఎలుక కొరికిందని. కానీ అడిగింది అతుకు సంగతి. అతుకు సంగతిలో కౌసల్యమ్మ నోట పుట్టుక నుంచి అబద్ధం రాలేదు.

"అది ఎక్కువైన పోగు మేడమ్. పక్కకు కట్టేసినాం."

ఆదెప్ప నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అరుణ మొహంలో కండరం ఒకటి కదిలింది, నవ్వో కోపమో తేలలేదు. "చెప్పు. మొత్తం చెప్పు," అంది.

కౌసల్యమ్మ పడుగు సంగతి, అంచు సంగతి, ముడి సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. అరుణ ఓపిగ్గా వినింది.

"సరే. కట్టేసిన పోగు చీరలోకి రాదు. తీగ పీకిన సిలిండరు ఇంజిన్లోంచి పోయిందా?"

"యాడికి పోతాది మేడమ్, ఆడనే ఉండాది."

"ఇంకోటి అడుగుతా. మగ్గం మీద పోగులు దూరే పన్నె ఉంటుంది కదా, దాని సందుల్లో పట్టేదానికంటే ఎక్కువ పోగులు కుక్కితే ఏమవుతుంది?"

కౌసల్యమ్మకు ఆ ప్రశ్న ఎవరైనా చిన్నపిల్లను అడిగినట్టుంది. "పన్నె పండ్లు వంగిపోతాయి. పోగులు తెగుతాయి. మగ్గమే చెడుతాది."

"ఈ కారు బ్రేకులు, టైర్లు, ఒళ్లు, అన్నీ ఎనిమిది వందల లోపు ఇంజినుకు చేసిన పన్నె. నువ్వు పదమూడు వందలు కుక్కినావు. ఎక్కడైనా గుద్దినావా?"

కౌసల్యమ్మ తల వంచుకుంది. "గట్టిదానికి కాదు మేడమ్. మల్బరీ ఆకు."

ఈసారి అరుణ నవ్వింది. పెన్ను జుట్టులోంచి జారి కింద పడేంత నవ్వు. పెన్ను తీసుకుని లేచాక మాత్రం నవ్వలేదు. "ఆకు కాబట్టి ఈడ నిలబడి మాట్లాడుతున్నావు. ఇంజిను మార్చాలంటే ముందు మా దగ్గర అర్జీ పెట్టాలి. అదే కంపెనీ, అదే రకం, అదే సీసీ. అది ఎవరిదో కాగితాలుండాలి, దాని నంబరు నీ ఆర్సీలో ఎక్కాలి. నెలాఖరుకు తొమ్మిది రోజులుంది. ఆలోపు తెస్తే చూస్తా. అంతవరకు ఇది రోడ్డు మీద ఉరికినట్టు కనపడిందో, పట్టుకుపోతా."

కాబట్టి చిలకను షెడ్డుదాకా తోసుకునిపోయారు. హిందూపురం బజారు నడుమ సుంకప్ప భుజం పెట్టి తోస్తూ, కండ్లు బాగా తెరుచుకుని, "ఈ వేగం బాగుండాది" అన్నాడు.

ఆరు రోజులు ఆదెప్ప ఫోను చేయని పాత సామాన్ల కొట్టు లేదు. ఉండేవి ముక్కలైపోయాయి, ముక్కలు కానివి అమ్ముడుపోయాయి. ముదిరెడ్డిపల్లిలో రెండు మగ్గాలు ఆగి ఉన్నాయని కబురు. కౌసల్యమ్మ బస్టాండుకు పోయి నిలబడింది. ఆ రోజు చిలక దాటిన బస్సు కండక్టరు ఆమెను గుర్తుపట్టి, "ఏమ్మా, విమానం యాడ?" అన్నాడు. ఆమె టికెట్టు తీసుకుని వెనక సీటుకు పోయింది. మూడేళ్లలో మొదటిసారి ఆ బస్సులో కూర్చుంటే, ఇంక ఎప్పటికీ ఇంతేనేమో అనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. కోళ్లు!

రామగిరిలో ఏసురత్నం సారు. రిటైరైన పంతులు. పాత చిలక రేడియేటరు కాగినప్పుడల్లా నీళ్లకోసం ఆయన ఇంటి ముందే ఆగేది. పెరట్లో సరిగ్గా చిలకలాంటిదే ఒక తెల్ల కారు, టైర్లు లేకుండా ఇటుకల మీద నిలబెట్టి ఉంది. దాంట్లో ఆయన కోళ్లను పెంచుతున్నాడు. ముందు సీట్లో పుంజు, వెనక సీట్లో పెట్టలు.

కౌసల్యమ్మ తర్వాతి స్టాపులోనే దిగి, ఆదెప్పను పిలిపించి, రామగిరికి పోయింది.

"కారిచ్చేస్తే కోళ్లు యాడుండాల్నమ్మా?" అన్నాడు ఏసురత్నం సారు.

"కారు వద్దు సార్, ఇంజిను చాలు. మీ కోళ్లు యాడికన్నా పోతాండాయా?"

సారు ఆలోచించాడు. "నా బాయి దగ్గర నీళ్లెత్తే ఇంజిను చెడిపోయి శెనక్కాయ ఎండుతాండాది. అట్లాంటిది ఉంటే మాట్లాడుదాం."

ఆదెప్ప, కౌసల్యమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పదమూడు వందల సీసీ సార్," అన్నాడు ఆదెప్ప. "బాయి కాదు, చెరువే ఎత్తిపోస్తాది. పైగా బాయికి బ్రేకులు అక్కర్లేదు."

బేరం అక్కడే తెగింది. బీరువాలో బైబిలు పక్కన భద్రంగా ఉన్న ఆర్సీ, అమ్మకం కాగితం ఇచ్చాడు సారు. ఇంజిను ఎత్తుతుంటే ఒక ఎర్రపెట్ట ముక్కు చాచి ఆదెప్ప చెయ్యి పొడిచింది.

"అది అంతే," అన్నాడు సారు. "బానెట్ కిందనే కూర్చుంటాది, ఆ ఇంజిను పక్కనే గుడ్డు పెడతాది. ఇంగ యాడ పెట్టమన్నా పెట్టదు. దాన్ని కూడా తీసుకుపోండి. ఇద్దరినీ విడదీసిన పాపం నాకొద్దు."

అర్జీ ముందు పెట్టి, అనుమతి వచ్చాకే ఇంజిను ఎక్కించారు. ఈసారి కౌసల్యమ్మ షెడ్డులోంచి కదలలేదు. ఆదెప్ప తీగలు విప్పుతుంటే, "ఎన్నుండాయి?" అని అడిగింది.

"లెక్కపెట్టలేదక్కా."

"లెక్కపెట్టకుండానే అతుకుతావా? సిగ్గులేదా?" ప్రతి తీగకూ ఒక రంగు పట్టుపోగు కట్టింది. ఎరుపుకు ఎరుపు, పసుపుకు పసుపు. అన్నీ కలిశాక వేలుపెట్టి ఒక్కొక్కటీ చూసి, అప్పుడు తల ఊపింది. బానెట్ చప్పుడు లేకుండా మూతపడింది. ఎర్రపెట్ట ఆ రెండు రోజులూ షెడ్డంతా తిరిగి అందరినీ తిట్టింది.

నెలాఖరు రోజు. మైదానానికి చిలక గొణుక్కుంటూ వచ్చింది. అరుణ కాగితాలు చూసి, "ఈసారి జడ లేదే" అంటూ బానెట్ ఎత్తి, గబుక్కున వెనక్కి దుమికింది.

బ్యాటరీ పక్కన ఎర్రపెట్ట కూర్చుని ఉంది. ఇంటికి చెప్పకుండా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు అరుణను చూసింది.

"ఇది ఆర్సీలో లేదే!"

"ఇంజినుతో పాటు వచ్చింది మేడమ్," అంది కౌసల్యమ్మ. ఆదెప్పకేసి తిరిగి పళ్లు కొరికింది. "ఎప్పుడెక్కిందిరా ఇది?"

పెట్ట లేచి, రెక్కలు దులుపుకుని, సుంకప్ప భుజం మీదికి ఎగిరింది. దాని కింద వెచ్చటి గుడ్డు ఒకటి. అరుణ నంబరు చదివింది, సీసీ చూసింది, టిక్కులు పెట్టింది. తర్వాత గుడ్డును తీసి సుంకప్ప దోసిట్లో పెట్టి, కౌసల్యమ్మ వైపు తిరిగింది.

"ఆ గోడదాకా పోయి వెనక్కి రా. వచ్చేటప్పుడు జోరుగా రావాలి. నేను చెయ్యి ఎత్తిన చోట, ఈ సున్నపు గీత మీద ఆగాలి. గుడ్డు పగిలితే ఐదేళ్లు లేవు."

నవ్వుతూనే అన్నదో, నిజంగానే అన్నదో ఎవరికీ తెలియలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

సుంకప్ప సీట్లో కూర్చున్నాడు. అలవాటు కొద్దీ కండ్లు మూసుకోబోయాడు. మూస్తే గుడ్డు కనపడదు. జీవితంలో మొదటిసారి నడిచే కార్లో కండ్లు తెరుచుకుని, దోసిట్లోకి చూస్తూ ఉండిపోయాడు. "కౌసల్యా, నీకు దండం పెడతా, నా చేతులు ఖాళీ లేవు," అన్నాడు.

చిలక గోడదాకా పోయింది, తిరిగింది. కౌసల్యమ్మ ఒకటి, రెండు, మూడు గేర్లు వేసింది. తీసుకోగలిగినంత వేగం తీసుకుంది, దానికున్నది మొత్తం. సున్నపు గీత దగ్గరికి వస్తోంది. అరుణ చెయ్యి లేచింది. కౌసల్యమ్మ బ్రేకు మీద కాలు పెట్టింది, చివరి పోగును మెలితిప్పేటప్పుడు వేలు పెట్టినట్టు, తడబడకుండా, గట్టిగా.

చిలక ఒక్క మాటకు విన్నది. ముందు టైర్లు గీత మీద నిలిచాయి.

సుంకప్ప దోసిలి విప్పాడు. గుడ్డు చెక్కు చెదరలేదు. ఆదెప్ప ఎగిరి గంతేశాడు. వరుసలో నిలబడిన లారీ డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. పుట్టింటివాళ్లు గెలిచినట్టు పెట్ట గట్టిగా కొక్కరించింది. అరుణ జుట్టులోంచి పెన్ను తీసి సంతకం పెట్టింది. "ఐదేళ్లు," అంది. "కోడిని మాత్రం వెనక సీట్లో కూర్చోబెట్టు."

సాయంత్రం ఎండలో ధర్మవరం దారి పట్టారు. పెనుకొండ ఎత్తులో చిలక రెండో గేరులో ముక్కుతూ ఎక్కుతోంది. బస్సు హారను కొట్టుకుంటూ దాటిపోయింది. కండక్టరు చెయ్యి ఊపితే కౌసల్యమ్మ కూడా ఊపింది. రేపు పొద్దున ముదిరెడ్డిపల్లిలో రెండు మగ్గాలు. టీ పెట్టమని చెప్పాలి.

పక్కకు తిరిగి చూస్తే, గుడ్డు ఇంకా సుంకప్ప చేతిలోనే ఉంది, కండ్లు ఇంకా తెరుచుకునే ఉన్నాయి. కిటికీలోంచి తల బయట పెట్టి కొండనూ దాని మీద కోటగోడనూ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఇదంతా దావలోనే ఉండాదా?" అన్నాడు.

"మూడేండ్ల నుంచి ఉండాది."

కాసేపు చూశాడు. ముందు పోతున్న బస్సును చూశాడు. సీట్లో ముందుకు జరిగాడు.

"ఏమే, ఇంత మెల్లగా పోతాండావు, ఆ బస్సును దాటలేవా?"

కౌసల్యమ్మకు మళ్లీ కడుపులోంచి ఆ నవ్వు పొంగింది. కారు పక్కకు ఆపాల్సి వచ్చింది.